పాత మోడల్ కొత్త వాచీ

చలమయ్యకి అబద్ధం చెప్పడం చేతకాదు. చెప్పిన ఒక్క పెద్ద అబద్ధాన్నీ నోరు విప్పకుండా, చేతికి కట్టుకుని తిరిగాడు.

స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చిన ఏడాదే, తొంభై ఒకటిలో, అతనికి కనకరత్నంతో పెళ్లయింది. పెళ్లికొడుక్కి పెడతామన్న వాచీ ముహూర్తం వేళకి రాలేదు. మగపెళ్లివారు మొహాలు ముడుచుకున్నారు. అప్పుడు పెళ్లికూతురి అన్న తాతబాబు, పోర్టులో కళాసీ, తన వాచీ విప్పి చలమయ్య చేతికి కట్టేశాడు. మీగడ రంగు డయలు, అందులో సెకన్లకి వేరే చిన్న చక్రం, సన్నటి తోలు బెల్టు. రోజూ కీ ఇస్తేనే నడిచే రకం.

ఇచ్చాడన్న మాటేగానీ దానిమీద మమకారం పోలేదు. ప్రతి ఆదివారం వన్ టౌన్ నుంచి బస్సెక్కి గాజువాక వచ్చేవాడు. చెల్లెలి చేతి టీ తాగకముందే బావ చెయ్యి పట్టుకుని వాచీ విప్పేవాడు.

"కీ ఇచ్చినావేటి బావా?"

"పొద్దున్నే ఇచ్చినాను బావా."

"నీ మాట నాను నమ్మను."

తనే కాస్త తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్లీ కట్టేవాడు. ఆ తంతు ముగిశాకే కబుర్లూ, చేపల కూరా. తోబుట్టువులు లేని చలమయ్యకి ఆదివారమంటే తాతబాబే.

పన్నెండేళ్లకి బెల్టు చివికిపోయింది. మార్చమని కనకరత్నం పోరుతూనే ఉంది. రేపు, ఎల్లుండి అంటూ గడిపేశాడు మహానుభావుడు. ఒకరోజు మద్దిలపాలెం వెళ్లే బస్సులో, కిక్కిరిసిన జనంలో, అది ఎక్కడో జారిపోయింది. దిగి చూసుకుంటే చెయ్యి బోసిగా ఉంది. డిపోలో వాకబు చేసినా దొరకలేదు.

ఆ రోజే చెప్పేసి ఉంటే గొడవే లేదు. కానీ గాజువాకలో జగ్గయ్య వాచీల కొట్టు అద్దాల వెనక కొత్త సరుకు దిగి ఉంది. పాతకాలం వాచీల్లా చేసిన కొత్తవి, బ్యాటరీతో నడిచేవి. అదే మీగడ డయలు, అదే చిన్న చక్రం, ధర కూడా చవక.

"కుర్రోళ్లంతా ఇప్పుడు ఇయ్యే అడుగుతన్నారు," అన్నాడు జగ్గయ్య.

చలమయ్యకి ప్రాణం లేచొచ్చింది. కట్టుకుని ఇంటికి వెళ్తే కనకరత్నం కూడా పోల్చుకోలేదు. "బెల్టు మార్పించినారా? అద్దం కూడా తుడిపించినట్టున్నారు," అని మెచ్చుకుంది.

ఆదివారం గుమ్మంలో తాతబాబు గొంతు వినగానే అసలు సంగతి గుర్తొచ్చింది. దీనికి కీ లేదు. పక్కనున్న బుడిపె ఎంత తిప్పినా ఉత్తినే తిరుగుతుంది. బావ వేళ్లకి ఆ సంగతి ఇట్టే తెలిసిపోతుంది. చలమయ్య చెయ్యి జేబులో దోపుకుని, "డ్యూటీ ఉంది బావా" అంటూ చెప్పులేసుకుని రోడ్డున పడ్డాడు. టీ కొట్టు దగ్గర కూర్చుని తన్ను తానే తిట్టుకున్నాడు. వచ్చే ఆదివారం చెప్పేద్దామనుకున్నాడు. తీరా ఆ ఆదివారం నిజంగానే డ్యూటీ వేయించుకున్నాడు. ఆ తర్వాత అందరి ఆదివారాలూ నెత్తినేసుకుంటుంటే ప్లాంట్‌లో వాళ్లు ఎంత మంచివాడో అనుకున్నారు.

తాతబాబు కొన్నాళ్లు వచ్చాడు. చెల్లెలితో మాట్లాడుతూ, గుమ్మం వైపు చూసి చూసి వెళ్లిపోయేవాడు. రానురాను నెలకోసారి, ఆపైన పండగలకి. ఓసారి ఎదురుపడితే చలమయ్య చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. తాతబాబు అది చూశాడు. ఎప్పట్లా చెయ్యి పట్టుకోలేదు.

రెండేళ్లు అలాగే గడిచాయి. ఒకనాడు పోర్టులో పనిలో ఉండగానే గుండెపోటుతో తాతబాబు పోయాడు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక అతని భార్య పోతమ్మ వచ్చి చలమయ్య ఎదురుగా చతికిలబడింది.

"ఒక్క మాట అడుగుతాను తమ్ముడూ, దాసకు. మీ బావ నీకేటి తప్పు సేసినాడు? పోయేదాకా అదే బెంగ. 'పెళ్లిలో నా పాత వాచీ కట్టీసినాను, అది మనసులో ఎట్టుకున్నాడు గావాల, నన్ను సూత్తే సెయ్యి దాసీసుకుంటన్నాడు' అనీవోడు. కొత్తదొకటి కొని అట్టుకెళ్లి బతిమాలుకుంటానన్నాడు."

చలమయ్య వాచీ విప్పి ఆమె ముందు పెట్టి, జరిగిందంతా చెప్పాడు. ఎందుకు చెప్పలేకపోయాడో మాత్రం తనకే తెలియలేదు.

పోతమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"దీనికోసమా? పోతే పోనాదని నవ్వీసీవోడు కద తమ్ముడూ. నువ్వు మొకం సాటేసినావనే మనిషి సగమైపోనాడు."