కోసిన పన్నుకు పెట్టని సంతకం

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా: మా కాలేజీ ఆఫీసులో గుండుసూదితో చెవి గోక్కోరాదు, స్టాంపు ప్యాడు మీద టీ గ్లాసు పెట్టరాదు, ఇంకొకరి గొడుగు అడక్కుండా పట్టుకుపోరాదు. ఈ శాసనాలన్నీ చేసిన గుమాస్తా గారు మొన్న మంగళవారం అమలాపురం ఆసుపత్రిలో పోయారు. ఇక ఎవరి చెవి వాళ్ళిష్టం.

ఆ ప్రైవేటు కాలేజీలో నేను ల్యాబ్ అటెండర్ని. ఎనిమిదో తరగతి తప్పినా టైపు మాత్రం బాగా కొట్టేవాణ్ణి.

ఏటా జూలైలో లెక్చరర్లు ఆయన బల్ల చుట్టూ మూగేవారు. జీతంలో ఇంత పన్ను కోశామని కాలేజీ ఇచ్చే ఫారం పదహారు మీద సంతకం ఆయనదే. దాన్ని చూసి అందరి ఆదాయపు పన్ను రిటర్నులూ నింపేది ఆయనే. ఫీజు మనిషికో కొబ్బరిబొండాం.

"నెలనెలా కోసేశారు కదండీ, మళ్ళీ ఈ రిటర్ను ఎందుకండీ?" అని కెమిస్ట్రీ మేడం ఏటా అడిగేవారు.

"కోసింది అడ్వాన్సేనమ్మా. ఏడాది మొత్తానికి మీరెంత కట్టాలో ఇందులో తేలుద్ది. ఎక్కువ కోస్తే వెనక్కొస్తుంది, తక్కువైతే మీరే కట్టాలి. కోసింది సర్కారు ఖాతాలో జమ పడకపోతే మాత్రం నా సంతకం చిత్తు కాయితమేనండి" అనేవారు ఆయన.

మహా భయస్థుడు. తాళం వేసి, మూడుసార్లు లాగి చూసే మనిషి. అలాంటివాణ్ణి ఏడిపించకపోతే నాకు అన్నం సహించేది కాదు. తొంభైల చివర్లో ఓసారి, ఫారాలు సంతకాలకు సిద్ధమైన రోజున, పన్నుల ఆఫీసు రాసినట్టుగా "మీరు కోసిన పన్ను మాకు చేరలేదు" అని టైపు కొట్టి టపాలో కలిపాను.

ఆయన చదివారు. నేరుగా బ్యాంకుకి వెళ్ళారు. పన్ను కట్టే పని కాలేజీ నడిపే కరస్పాండెంటు గారు తన చేతిలోనే ఉంచుకున్నారు. ఆయన కట్టేశామంటే గుమాస్తా గారు నమ్మేవారు. బ్యాంకులో ఆ ఏడాది చలానా ఒక్కటీ లేదు. నా అబద్ధం నిజమై కూర్చుంది.

కరస్పాండెంటు గది తలుపు వెనక నిలబడి విన్నాను.

"సంతకం పెట్టవయ్యా. తర్వాత కడతాం."

"కట్టేక పెడతానండి. ఈ కాయితం నమ్మి వాళ్ళు రిటర్నులేస్తారండి. రేపు నోటీసులు వాళ్ళకొస్తాయండి."

"అయితే రేపట్నుంచి రాకు."

"ఆయ్. అలాగేనండి."

పాతికేళ్ళ ఉద్యోగం ఆ ఒక్క ముక్కతో పోయింది. ఫారాలు రాక లెక్చరర్లు గొడవ చేస్తే పన్ను కట్టారు గానీ, ఆయన్ని వెనక్కి పిలవమని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆయన బల్ల మీద జిరాక్సు మిషను పెట్టారు. ఆయన కొత్తపేటలో ఎరువుల కొట్లో, వీపు ఆనించుకోవడానికి లేని ముక్కాలిపీట మీద కూర్చుని, చూపు మందగించేదాకా బిల్లులు రాశారు.

పోయిన నెల ఆసుపత్రికి వెళ్ళి చెప్పేశాను. "ఆ ఉత్తరం నేనే కొట్టానండి."

ఆయన నవ్వారు. "ఎవడు కొడితేనేంరా, నిజమే కదా కొట్టేవు" అన్నారు.

ఇలా నేను చెప్పడం, ఆయన నవ్వడం నా కల్పన. వెళ్ళిన మాట నిజం. "ఏరా, అల్లరి మానేవా?" అని ఆయనే అడిగారు. "మానేశానండి" అన్నాను. ఉత్తరం సంగతి ఎత్తలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని నిద్రపోయారు. నర్సు వచ్చి, ఆయన లేవకుండా ఒక్కో వేలూ మెల్లగా విడదీసింది.