నా ఎత్తు బంగారం

ఆ రోజుల్లో మా సారపాకలో పిల్ల లావుగా కనబడితే జబ్బు అనుకునేవారు కాదు, ఇంట్లో పాడి బాగున్నట్టుంది అనుకునేవారు. ఇప్పుడేమో పిల్లల ఊబకాయానికి బాధ్యులెవరని టీవీలో నలుగురు కూర్చుని అరుచుకుంటున్నారు. అది చూస్తే నాకు నవ్వొస్తుంది, ఆ వెంటనే మా నాయనమ్మ గుర్తొస్తుంది. ఆ పంచాయితీ నా చిన్నప్పుడే మా ఇంట్లో జరిగింది. ముద్దాయి ఎవరో వెంటనే తేలలేదు గానీ, సాక్ష్యం మాత్రం నేనే (దాచిపెడదామన్నా దాగనంత సాక్ష్యం).

నేను పుట్టినప్పుడు చాటలో పడుకోబెడితే చాట ఖాళీగానే ఉన్నట్టుండేదట. ఈ పిల్ల దక్కదని అందరూ ఆశ వదులుకుంటే, మా నాయనమ్మ ఒక్కతే అడవి వైపు తిరిగి దండం పెట్టింది. "సమ్మక్క తల్లీ, ఈ పిల్లను నిలబెట్టు. దీని ఎత్తు బంగారం ఇచ్చుకుంట" అని మొక్కింది. (కంగారు పడకండి, సమ్మక్క జాతరలో బెల్లాన్నే బంగారం అంటాం. మనిషిని కాంటాలో కూర్చోబెట్టి, ఆ బరువుకు సరిపడా బెల్లం తూచి, తల్లి కొలువుండే గద్దె దగ్గర సమర్పిస్తాం.) జాతరేమో రెండేళ్లకోసారి. ఒకసారి ఇంట్లో మైల వచ్చింది, ఒకసారి తమ్ముడు పుట్టబోతున్నాడు, ఇంకోసారి నాన్నకు మిల్లులో సెలవు దొరకలేదు. మొక్కు వాయిదా పడినకొద్దీ నేను పెరుగుతూ పోయాను. "తల్లికి బక్క తూకం ఇస్తే మంచిగుంటదా?" అంటూ నాయనమ్మ నా అన్నంలో నెయ్యి పోసేది. నాన్న డ్యూటీ దిగి వస్తూ మిర్చి బజ్జీలు తెచ్చేవాడు. నేను కాస్త ముక్కు చీదితే చాలు, అమ్మ బిస్కెట్ పుడా చేతిలో పెట్టేది.

బడిలో నా పేరు 'బస్తా'. ఖో-ఖోలో ఎవరూ నన్ను తమ జట్టులోకి తీసుకునేవారు కాదు. ఒకరోజు పంతం కొద్దీ పరుగెత్తి, ఆయాసంతో కళ్లు తిరిగి పడిపోయాను. దవాఖానాలో డాక్టరమ్మ నన్ను చూసి, "ఈ వయసుకు గింత బరువేంది? దీనికి బాధ్యులెవరు?" అని గద్దించింది. అమ్మ నాయనమ్మ వైపు చూసింది. నాయనమ్మ నాన్న వైపు చూసింది. నాన్న గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.

ఇంటికి రాగానే అమ్మ, "రేపటి సంది నెయ్యి బంద్" అంది. నాయనమ్మ ఒప్పుకోలేదు. "బంద్ జెయ్యి, నేనొద్దన్ననా? గని జాతర అయినంక. మొక్కు తీర్చకముందే బరువు తగ్గిస్తే తల్లిని మోసం జేసినట్టు గాదా?" అంది. "అవ్, గదీ నిజమే" అన్నాడు నాన్న (బజ్జీలు కూడా ఆగిపోతాయని ఆయన భయం). నా బాధ ఎవరికీ పట్టలేదు. బెల్లం దుకాణం మా బడికి ఎదురుగానే ఉండేది, కాంటా వేలాడదీసేది బజార్లోనే. అక్కడ అందరి ముందూ నన్ను తూచుతారని తలుచుకుంటే ముద్ద దిగేది కాదు. ఎంత దిగకపోయినా, జాతరకు మిగిలిన ఆ కొద్ది రోజుల్లో ఏం తగ్గుతాను!

ఆ రోజు రానే వచ్చింది. కాంటాలో కూర్చున్నాను. బెల్లం చాచా ఒక్కో ముద్దా పెడుతున్నాడు, నా తట్ట మాత్రం నేలను వదలడం లేదు. చివరికి ఆయన చెమట తుడుచుకుని, "జర ఆగమ్మా, లోపల్నుంచి ఇంకో బుట్ట తీస్కొస్త" అన్నాడు. అంతే, బడి పిల్లలంతా గొల్లుమన్నారు. "బస్తాకు బస్తా బెల్లం!" అని ఎవరో కేకేశారు. చచ్చిపోదామన్నంత సిగ్గేసింది నాకు. ఏడుస్తూ దిగబోతుంటే నాయనమ్మ వచ్చి కాంటా గొలుసు పట్టుకుని నిలబడింది.

"ఏడుస్తవేందే? నిన్ను చాటల పండబెట్టిననాడు ఒక్కలన్న నవ్విండ్రా? అందరేడ్చిండ్రు. ఇయ్యాల నవ్వుతుండ్రు గదా, నవ్వనియ్యి" అంటూ కొంగుతో నా మొహం తుడిచింది. అప్పుడు చూశాను, ఆమె కళ్లూ తడిగా ఉన్నాయి. నేను మళ్లీ కూర్చున్నాను. ఇంకో బుట్ట వచ్చింది, నా తట్ట మెల్లగా లేచింది.

జాతరలో ఆ బెల్లం గద్దె దగ్గర పెట్టి నాయనమ్మ చేతులు జోడించింది. "తల్లీ, దీన్ని బతికిచ్చింది నువ్వు, మేపింది నేను. నీ మొక్కు నీకు ముట్టింది. ఇగ జర సన్నబడనియ్యి" అంది. డాక్టరమ్మకు ముగ్గురూ చెప్పకుండా తప్పించుకున్న జవాబు అక్కడ దొరికింది. మర్నాటి నుంచి నెయ్యి బంద్ చేసింది కూడా ఆమే. పొద్దున్నే నన్ను గోదావరి గట్టు దాకా నడిపించి, తానే ఆయాసపడుతూ కూలబడేది.

ఇప్పుడు నేనుండే ఊరు ఖానాపురం హవేలి. అక్కడ మా ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఉంది. అప్పుడప్పుడు ఎక్కుతాను, ముల్లు నా మాట వినదు. నెయ్యి పోసే నాయనమ్మ లేదు, బజ్జీలు తెచ్చే నాన్న లేడు, నెపం వేద్దామంటే పక్కన ఎవరూ లేరు. నన్ను చూసి నేనే నవ్వుకుంటాను. ఆనాడు కాంటాలోంచి దిగబోయిన ఆ పిల్లతో, "జల్దీ ఏముందే, నాయనమ్మ గొలుసు పట్టుకున్నంత సేపూ కూర్చో" అని చెప్పాలనిపిస్తుంది.