బొట్టుబిళ్ళల లైబ్రరీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, చేతిలో కొత్త బి.ఎడ్. పట్టా, ఒంటిమీద గంజి పెట్టిన కాటన్ చీర, ఈ మూడూ ఒకచోట చేరితే మనిషికి లోకమంతా ఒకటో తరగతిలా కనిపిస్తుంది. నర్సీపట్నంలో చర్చి ఆవరణలోని ఒక చిన్న బడిలో నాకు తొలి ఉద్యోగం దొరికింది. తెలుగు చెప్పడంతోపాటు, విరిగిన బెంచీలు పడేసే గదిలోని రెండు బీరువాల పుస్తకాలు కూడా నాకే అంటగట్టారు. చదవడం సరిగా రాని పిల్లలకి వాళ్ళ స్థాయికి తగిన పుస్తకమే ఇవ్వాలని ట్రైనింగులో చెప్పారు. ఇంకేం, బజారుకెళ్ళి బొట్టుబిళ్ళల పాకెట్లు కొనుక్కొచ్చాను. తేలిక పుస్తకానికి ఆవగింజంత బిళ్ళ, మధ్యరకానికి కందిగింజంత, కష్టమైనదానికి రూపాయి కాసంత. (ఈ చివరిది మా అత్తయ్య సైజు.) రెండు రోజులు కూర్చుని పుస్తకాలన్నిటికీ అంటించాను. మా హెడ్మిస్ట్రెస్ని అందరూ పెద్దమ్మగారనేవారు. రోజూ పొద్దున్నే పిల్లలచేత ప్రార్థన చేయించే మనిషి. ఆవిడ వచ్చి బీరువా తెరిచి, ఒక్కో పుస్తకం తీసి తిప్పి చూశారు. "ఏటమ్మా ఇది? సర్చి బడిలో పుస్తకాలన్నిటికీ బొట్లు పెట్టీసేవేటి?" అన్నారు. స్థాయిల సంగతి వివరించాను. "సర్లే, పెట్టినవెలాగూ పెట్టీసేవు. ఏ పిల్లకి ఏ బొట్టో బేగి తేల్చు" అని నవ్వుతూ వెళ్ళిపోయారు.

తేల్చడానికి నేను పరీక్ష పెట్టాను. చెరకుతోటలో దూరిన గేదె గురించి ఎనిమిది వాక్యాలు ఒక కాగితం మీద రాశాను. ఏడో తరగతి పిల్లల్ని వరండాలో కిటికీ పక్కన వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచి అదే కాగితం చదివించాను. మొదటివాడు జలుబుతో దగ్గుతూ, ప్రతి మాటకీ తడబడుతూ చదివాడు. పదోవాడు నయం. ఇరవై దాటేసరికి అంతా ఏకసంథాగ్రాహులే. నా పరీక్ష గొప్పదనానికి నేనే మురిసిపోయాను. అందరికన్నా చివర వచ్చింది జీడిపిక్క. మాకవరపాలెం వైపు వాళ్ళకి జీడితోట ఉండేది, ఎప్పుడూ జేబులో పిక్కలుండేవి కాబట్టి తోటి పిల్లలు ఆ పేరు పెట్టారు. ఆ అమ్మాయి కాగితం అందుకుని ఎనిమిది వాక్యాలూ గుక్కతిప్పుకోకుండా చదివేసింది. ఐదో వాక్యం దగ్గర చిన్నగా దగ్గింది కూడా. పాపం, దుమ్ము పడలేదు కాబోలనుకున్నాను. మా అత్తయ్య సైజు బొట్టున్న పుస్తకాల్లో అన్నిటికన్నా లావుపాటిది తీసి చేతిలో పెట్టాను. పెద్దమ్మగారు సంతోషించి, వార్షికోత్సవంలో స్టేజీ మీద ఆ పిల్లే ఒక పుస్తకం చదవాలని తీర్మానించి, వాళ్ళింటికి కబురు పంపారు.

వారం తిరిగాక జీడిపిక్క పుస్తకం తిరిగి తెచ్చింది. "ఎలా ఉందమ్మా?" అన్నాను. "బరువుగా ఉందండి టీచర్" అంది. ఓ పేజీ తీసి చదవమన్నాను. ఆ పిల్ల పేజీ వంక చూడకుండా కిటికీ వంక చూసింది. మళ్ళీ అడిగాను. కళ్ళనీళ్ళు పెట్టుకుని, "వరండాలో ఎవులూ లేరు కదండీ, ఎలాగ సదవను?" అంది.

నాకు గేదె, దగ్గు, ఆ ఏకసంథాగ్రాహులు అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ముందువాళ్ళు చదివింది కిటికీలోంచి విని, దగ్గుతో సహా అప్పజెప్పారు; నేను పెట్టింది చెవుల పరీక్ష. నవ్వు రావాలి గానీ రాలేదు, ఎందుకంటే ఆ పిల్ల ఏడుస్తూనే మిగతాదీ చెప్పింది. "ఏడుతో సాలు, తోటకి పంపిద్దారని మా నాన్న అన్నాడండి. బడిలో బాగా సదివే పిల్ల ఇదేనని కబురొచ్చింది కదా, మా మామ్మ ఊరందరికీ సెప్పీసి, మానిపించడానికి ఈల్లేదని మా నాన్నని తిట్టీసింది. అక్కడ నాను సదవలేకపోతే ఇంక బడి లేదండి." వార్షికోత్సవానికి మూడు వారాలుంది. తప్పు నాది, శిక్ష ఆ పిల్లది.

మర్నాడు ఆవగింజ బొట్టు పుస్తకం తీశాను. బొమ్మలో కుందేలు, కింద నాలుగు మాటలు. జీడిపిక్క దాన్ని వేలితో అవతలికి తోసింది. "నాకు పదమూడేళ్ళండి. కుందేలు తోటి నాకేటి పని?" నిజమే, అక్షరాలు ఆవగింజంతవే గానీ పిల్ల ఆవగింజంత కాదు. మరి దేనితో పని అని అడిగితే, తన మామ్మకీ పక్కింటావిడకీ కంచె మీదున్న పనసచెట్టు గురించి జరుగుతున్న తగువు అరగంట చెప్పింది, ఇద్దరి గొంతులతోనూ. ఆ సాయంత్రమే డ్రాయింగు కాగితాలు కుట్టి ఒక పుస్తకం చేశాను. ఒత్తులు లేని మాటలు, పెద్దవాళ్ళ తగువు. "పనస మాది. కాయలు మావి. రాలిన ఆకులు మీవి. ఊడుచుకోండి." జీడిపిక్కకి మొదటి పేజీ కూడబలుక్కుని చదవడానికి పావుగంట పట్టింది. చదివాక కిసుక్కున నవ్వి, "తరవాతేటయ్యిందండి?" అంది. రోజుకో పేజీ రాశాను. వార్షికోత్సవానికి ముందురోజు ఆ పిల్ల ఒక షరతు పెట్టింది. "ఆకరి పేజీ ఇప్పుడు సూపకండి టీచర్. స్టేజీ మీదే సూత్తాను. లేపోతే ఇదీ కంఠతా పట్టీసేనని మీరే అనుకుంటారు."

మర్నాడు మామ్మగారు పక్కింటావిడని కూడా ఆటోలో ఎక్కించుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మొదటి పేజీకే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడో పేజీకి జనం నవ్వులు. చివరి పేజీ తిప్పింది. అక్కడ నేను కంగారులో ఒక ఒత్తు మాట రాసేశాను. "కాయ కోశారు. సగం సగం పంచు..." అని జీడిపిక్క ఆగిపోయింది. నా పెదవులు వాటంతటవే కదిలాయి. పక్కనున్న పెద్దమ్మగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నువ్వు అందించకు" అన్నారు. ఆ పిల్ల వేలు ఆ మాట కింద పెట్టుకుని, నావైపు గాని, కిటికీల వైపు గాని చూడకుండా, "పంచు... కు... న్నా... రు. పంచుకున్నారు!" అని అరిచింది. ఈలలు, చప్పట్లు. నేను నిలబడి ఏడ్చాను, సిగ్గుపడలేదు.

జీడిపిక్క స్టేజీ దిగగానే మామ్మగారు నా మీదికొచ్చారు. "ఏటి టీచరమ్మా! నెల కితం గడగడా సదివీసిందని కబురెట్టేరు. ఇప్పుడేటి ఆగి ఆగి సదువుతోంది? బంగారం నాటి పిల్లని సెడగొట్టీసేరు! ఇది మల్లీ గడగడా సదివీదాకా బడి మానిపించను, ఎన్నేళ్ళయినా సరే. మీరే బాగుసెయ్యాలి!"

"అలాగేనండీ" అని చేతులు కట్టుకుని నిలబడ్డాను. మామ్మగారి కొంగు చాటునుంచి జీడిపిక్క నాకేసి చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ఆ తర్వాత నాకు రెండు మూడు శాలువాలు కప్పారు గానీ, ఏదీ ఆ తిట్టంత వెచ్చగా లేదు. అన్నీ తెలుసనుకుని నర్సీపట్నంలో బస్సు దిగిన ఆ గంజిచీర అమ్మాయి ఎప్పుడైనా గుర్తొస్తే జాలేస్తుంది, కాస్త ముద్దూ వేస్తుంది. చదువు చెప్పడానికి వెళ్ళి, పదమూడేళ్ళ పిల్ల దగ్గర ఒకటో తరగతిలో చేరిన మనిషి మరి.