తాళం తిప్పితే పరుగు

అది జూలై పదకొండవ తేదీ, శనివారం. తెల్లవారుజామున మొదలైన వాన మధ్యాహ్నానికి ముసురై, చూరు నుంచి చుక్కచుక్కగా కారుతూనే ఉంది. వాన కురిసిందనాలి, ముసురు పట్టిందనాలి. ఈ క్రియలను తారుమారు చేసిన పిల్లలను నేను ఊరికే వదిలిపెట్టేవాణ్ణి కాను. సరే, ఆ ముచ్చట ఇప్పుడెందుకు? తాళంచెవి ఇంట్లో, మేము గుమ్మం బయట. నేనూ మా ఆవిడా ఒకే గొడుగు కింద నిలబడి, తప్పు ఎవరిదో తేల్చుకుంటున్నాము.

మా వీధి చివర తాళాలు బాగుచేసే ఆయనకు కబురంపాము. ఆయన్ను ఊరంతా ‘మెరుపు’ అనేవారు. పని ముగిసిన మరుక్షణం మనిషి మాయమయ్యేవాడు. ఎంత గిరాకీయో, ఎంత చురుకో అని అందరమూ మెచ్చుకునేవాళ్ళము. ఆయన భార్య పనిముట్ల పెట్టె మోసుకుంటూ వెంట వచ్చేది. కొట్లో కూర్చుని మారు తాళంచెవులు ఆకురాయితో అరగదీసేదీ ఆవిడే.

ఆయన వంగి, వంపు తీగ తాళంలో దూర్చి తిప్పాడు. టక్కుమంది. ‘శభాష్’ అనబోయానో లేదో, నన్ను పక్కకు తోసి, తలుపు నెట్టుకుని, హాలు దాటి, వంటింటి పక్కగా దూసుకుపోయాడు.

“దొంగ! దొంగ!” అని అరిచాను. కబురంపి పిలిపించుకున్న దొంగ!

“దొంగ కాదండీ, మా ఆయన!” అంటూ ఆయన భార్య నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి, నవ్వి, హఠాత్తుగా మోకాళ్ళు దగ్గరికి చేర్చి మెట్టు మీద కూలబడింది. “అక్కయ్యగారూ, మీ ఇంట్లో రెండో బాత్‌రూము ఉందాండీ?”

ఉంది. మా ఆవిడ ఆమెను లోపలికి తీసుకువెళ్ళి పొడి బట్టలిచ్చింది.

ఆయన తల దించుకుని బయటికి వచ్చాడు. “క్షమించండి మాస్టారూ. తాళం తిరిగిందంటే ఇక నా వశంలో ఉండదు. నీళ్ళు తాగడం మానేశాను, అయినా తగ్గలేదు. కొట్టు మా బావమరిదికి అప్పగించేస్తున్నాను. తాళం తిప్పలేనివాడికి తాళాల కొట్టెందుకు?”

“నేను తుమ్మినా, పెట్టె ఎత్తినా ఇంతేనండీ,” అంది ఆయన భార్య తలుపు చాటు నుంచి. “ఈయన పరిగెత్తితే నాకు నవ్వాగదు, నవ్వితే నేనాగలేను. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే బాత్‌రూము!”

మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది. చివరికి ఆయనా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కొట్టు పెట్టడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో మాకు తెలుసు.

మా మేనకోడలు ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. ఆ వారమే ఇద్దరినీ ఆమె దగ్గరికి తీసుకువెళ్ళాము.

“మీ ఇద్దరిదీ ఒకటి కాదు బాబాయ్,” అంది ఆయనతో. “పిన్నిది ఒత్తిడి వల్ల. నవ్వినా దగ్గినా పొట్ట కిందికి నొక్కుతుంది. కింద పట్టి ఉంచే కండరాలు కాన్పుల తర్వాత వదులయ్యాయి. ఇక మీ లక్షణాలు చూస్తే, మూత్రాశయం నిండకముందే తొందరపడి ముడుచుకుంటున్నట్టుంది. తాళం తిరగగానే ఇల్లొచ్చిందనుకుంటుంది. చాలామందికి సొంత గుమ్మం దగ్గర ఇలాగే అవుతుంది.”

“నాకు ఊరందరి గుమ్మాల దగ్గరా అవుతోందమ్మా!”

“మీ వృత్తి అలాంటిది మరి.”

అయినా ముందుగా డాక్టరు చూడాలంది. మూత్రపరీక్ష, చక్కెర పరీక్ష, ప్రోస్టేటు పరీక్ష. మూత్రం పూర్తిగా పోక, నిండి పొంగి చుక్కలు పడే రకమూ ఒకటుందట. దానికి వైద్యం వేరు. ఈయనకు అదేమీ లేదని తేలాక అసలు పాఠం మొదలైంది.

“నీళ్ళు మానితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. నీళ్ళు తాగండి. టీ తగ్గించండి.”

“టీయా!” అన్నాడాయన, పెళ్ళాన్ని వదిలెయ్యమన్నట్టు.

ఇక వ్యాయామం. అపానవాయువును ఆపుకునేటట్టు లోపలికి బిగించి, పైకి లాగి, నెమ్మదిగా వదలాలి. ఊపిరి బిగపట్టకూడదు. మా హాల్లో ఎదురెదురు కుర్చీల్లో ఇద్దరూ శిలాప్రతిమల్లా కూర్చునేవారు.

“చేస్తున్నారా?” అని అడిగేది భార్య.

“ఆఁ, చేస్తున్నా.”

“కనుబొమలు లేస్తున్నాయండీ! ఎత్తాల్సింది అవి కాదు!”

ఆయనకు మరో అభ్యాసం కూడా ఉండేది. తాళం తిప్పాలి, పరిగెత్తకూడదు, నిలబడాలి, బిగించాలి, ఆ ఉద్ధృతి తగ్గాక నడవాలి. రోజూ తన ఇంటి తాళమే వేసి తీస్తూ, గుమ్మంలో సైనికుడిలా నిలబడేవాడు. మొదట్లో గెలుపు కన్నా ఓటములే ఎక్కువ. బావమరిది కొట్టు కొలతలు కూడా తీసుకుని వెళ్ళాడు.

వానలు తగ్గాక ఒక ఉదయం పోస్టాఫీసు తలుపు బిగుసుకుపోయింది. బయట పెద్ద వరుస. నేనూ అందులోనే ఉన్నాను. ఆయన్ను పిలిచారు. పక్కన భార్య, వెనకాల బావమరిది. ఆయన తీగ దూర్చాడు. టక్కుమంది.

ఆయన కదలలేదు. తలుపు మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

పోస్టుమాస్టరు విసుక్కున్నాడు. “ఏమయ్యా, తెరుచుకోలేదా?”

“తలుపు తెరుచుకుంది సార్. ఒక్క నిమిషం నన్ను ఆగనివ్వండి.”

వరుసంతా నోళ్ళు తెరుచుకుని చూసింది. ఆయన కళ్ళు తెరిచి, భుజాలు దించి, షికారుకు వచ్చినవాడిలా లోపలికి నడుస్తూ, “ఇప్పుడు చెప్పండి సార్, బాత్‌రూము ఎటు?” అని అడిగాడు.

ఆయన భార్య విరగబడి నవ్వింది. “ప్యాడు పెట్టుకున్నాను లెండి, ఇంకాసేపు నవ్వుతాను!” అని నా చెవిలో చెప్పి మళ్ళీ నవ్వింది. బావమరిది కొలతల టేపు జేబులో పెట్టుకున్నాడు.

తరువాత మేము ఇల్లు మారాము. ఎన్నో ఏళ్ళకు ఆయన దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. అక్షరదోషాలు దిద్దకుండా ఉండడం నాకు కష్టమే. దిద్దే ఇక్కడ పొందుపరుస్తున్నాను.

“మాస్టారికి నమస్కారాలు. కొట్టు నేనే నడుపుతున్నాను. పోయిన చలికాలం పరుగు మళ్ళీ మొదలైంది. ‘వ్యాయామం మానేశారా బాబాయ్?’ అని మీ మేనకోడలు ఫోన్లో తిట్టింది. మానేశానని ఒప్పుకుని మళ్ళీ పట్టుకున్నాను. మా ఆవిడకు చాలావరకు నయం. జలుబు చేస్తే మాత్రం ప్యాడే. ఆదివారాలు కొట్టు వెనక గదిలో వ్యాయామానికి కుర్చీలు వేస్తున్నాం. మొదట్లో మేమిద్దరమే కూర్చునేవాళ్ళం. ఇప్పుడు ఒక బస్సు డ్రైవరు, ఒక బాలింత, మోకాళ్ళ నొప్పులతో సమయానికి బాత్‌రూము చేరలేని పెద్దాయన వస్తున్నారు. పెద్దాయనకు కావలసింది మందు కాదని తేలింది. మంచం పక్కన కమోడు కుర్చీ పెట్టించాం. నిన్న మేమంతా ఏదో మాటకు పగలబడి నవ్వుతుంటే, ఒక కొత్తావిడ గుమ్మంలో నిలబడి వెనక్కి తిరగబోయింది. మా ఆవిడ లేచి వెళ్ళి, ‘రావమ్మా, రా, ఇక్కడందరూ మనవాళ్ళే’ అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.”