పొద్దున వచ్చిన వీడియో

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా అత్త దిష్టి తీస్తానన్నా విసుక్కునేదాన్ని. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం పని అని అనడం లేదు. నేను చూసింది, మా అత్త నాతో పాటు చూసింది రాస్తున్నాను.

మాది కోరుట్ల. మా ఆయన మస్కట్‌లో పని చేస్తాడు. నేను ఇంట్లో పిల్లల గౌన్లు, లాగులు కుడతాను. నా తమ్ముడు శేఖర్ మాతోనే ఉంటూ వాటిని బండి మీద ఊరూరా తిప్పి అమ్మేవాడు. వాడికి కొంచెం నత్తి. కంగారు పడితే అసలే మాట రాదు.

ఆ వానాకాలం అందరి ఫోన్లలో ఒకటే వార్త. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, అందరూ అందరికీ పంపారు. మా వాడ ఆడవాళ్ల గ్రూపులో కూడా రోజూ వచ్చేవి.

ఒకరోజు పొద్దున ఆ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. చాయ్ తాగుతూ తెరిచాను. బురదలో ఒక మనిషి పడి ఉన్నాడు. ఒకడు కర్రతో మోకాళ్ల మీద కొడుతున్నాడు. ఇంకొకడు జుట్టు పట్టి తల పైకి లేపాడు. అది మా తమ్ముడి ముఖం. ఎడమ చెవిలోంచి నెత్తురు మెడ మీదికి కారుతోంది. ఒంటి మీద ఆకుపచ్చ గళ్ల చొక్కా.

శేఖర్ అప్పుడు మా వాకిట్లో బండి తుడుచుకుంటున్నాడు.

వీడియోలో ఎవరో ఆడమనిషి, "కొట్టకుండ్రి, వాడు నా తమ్ముడు" అని అరుస్తోంది. నా భుజం మీదుగా చూస్తున్న మా అత్త, "గది నీ గొంతే గదనే" అంది.

శేఖర్‌ను పిలిచి చూపించాను. వాడు దాన్ని మళ్లీ మొదటి నుంచి చూశాడు. కాసేపటికి వాడే నవ్వాడు.

"ఇ... ఇప్పుడు మొకాలు, గొంతులు అన్నీ కంప్యూటర్ల చేస్తున్నరక్కా. నాకు గసొంటి అంగే లేదు."

నిజమే, వాడికి ఆకుపచ్చ చొక్కా లేదు. ఆ మాటతో కొంచెం ధైర్యం వచ్చింది. అయినా ఆ రోజుకు ఇంట్లో ఉండమన్నాను. బడులు తెరిచినప్పుడే కదా బట్టలు అమ్ముడుపోయేది అంటూ తెల్ల చొక్కా వేసుకుని బయలుదేరాడు.

వీడియో పంపిన నంబరు ఎవరిదని గ్రూపులో అడిగాను. ఎవరికీ తెలియదు. ఫోన్ చేస్తే అసలు అలాంటి నంబరే లేదని వచ్చింది.

మధ్యాహ్నం దాటాక శేఖర్ ఫోన్ చేశాడు.

"అక్కా... బం... బండి ఆపిండ్రు. నేనెవ్వన్నో నువ్వు చెప్పు."

వెనక నుంచి ఎవరో, "అరేయ్, సంచిల అన్నీ చిన్నపిల్లల బట్టలేరా" అన్నారు. దెబ్బ చప్పుడు వినిపించింది. వాడు మూలిగాడు. తర్వాత ఫోన్ ఆగిపోయింది.

వాడు ఏ ఊరికి పోయాడో నాకు తెలుసు. జగిత్యాల తొవ్వలో ఉంటుంది, పేరు రాయను. పక్కింటివాళ్ల ఆటోలో పోయాను. దారిలోనే పోలీసులకు ఫోన్ చేశాను.

బడి గోడ దగ్గర గుంపు. కొట్టే చేతుల కన్నా ఫోన్లు పట్టుకున్న చేతులే ఎక్కువ. నెట్టుకుంటూ లోపలికి పోతుంటే ఎవడిదో మోచెయ్యి నా నోటికి తగిలి పన్ను విరిగింది. "పేరు అడిగితే చెప్తలేడు. దొంగ గాకుంటే ఎందుకు చెప్పడు?" అని ఒకడు అందరికీ వినిపించేలా అంటున్నాడు. కర్ర మోకాలి మీద పడినప్పుడు ఎముక విరిగిన చప్పుడు విన్నాను.

కాళ్ల సందుల్లోంచి నాకు ముందు కనిపించింది ఆకుపచ్చ గళ్లు.

ఏం అరిచానో అప్పుడు నాకు తెలియదు. ఆటో నడిపిన అన్న తర్వాత చెప్పాడు. "కొట్టకుండ్రి, వాడు నా తమ్ముడు" అన్నానట.

పోలీసులు వచ్చేదాకా వాడి మీద పడుకున్నాను. అప్పుడు కూడా వీపు మీద తన్నారు. జగిత్యాల ఆసుపత్రిలో వాడు బతికాడు. ఎడమ చెవి వినిపించదు. ఇప్పుడు కాలు ఈడ్చుకుంటూ నడుస్తాడు.

చొక్కా సంగతి వాడికి మాట వచ్చాక చెప్పాడు. దారిలో వానకు తడిసిపోతే చాయ్ హోటలాయన జాలిపడి తన కొడుకు చొక్కా ఇచ్చాడట.

అంతకుముందే శేఖర్ ఒక పాపకు గౌను కొలత చూస్తుంటే ఎవడో చాటుగా ఫోటో తీశాడని పోలీసులు తేల్చారు. పిల్లలను పట్టేవాడు వీడే అని రాసి ఊళ్ల గ్రూపులకు పంపాడు. అంతా నమ్మారు. ఇది నిజమేనా అని ఆ పంపినవాడిని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

పొద్దున వచ్చిన వీడియో నా ఫోన్‌లోనే ఉంది. ఎస్సైకి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "నీ ఫోన్ల టైం తప్పు వడ్డట్టుందమ్మా" అన్నాడు. మరి మా వాడలో అందరి ఫోన్లలోనూ తప్పు పడిందా? గుంపులో దొరికిన ఫోన్లన్నీ వెతికారు. అవన్నీ రోడ్డు వైపు నుంచి తీసినవి. నా దగ్గర ఉన్నది గోడ అవతల నుంచి, చాలా పైనుంచి తీసింది. అటు పక్క నీళ్లు నిలిచిన గుంత తప్ప ఎక్కి తీయడానికి చెట్టు, మేడ ఏమీ లేవు.

ఈ మధ్య గుడ్డ కోసం సిరిసిల్ల పోయాను. దుకాణంలో నా పక్కన ఒకామె పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మాటల్లో ఫోన్ తీసి నా ముందు పెట్టింది.

"వీడు పిల్లల ఎత్తుకపోయేటోడట అక్కా. నిన్ననే మా దిక్కు దొరికిండట. జర పైలం."

గోడ మీదుగా పైనుంచి తీసిన వీడియో. బురద, ఆకుపచ్చ గళ్లు, నా అరుపు.

"వాడు నా తమ్ముడు" అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. పాపను గట్టిగా గుండెకు హత్తుకుని లేచింది. అది మీకు ఎవరు పంపారని అడగబోయాను. అప్పటికే ఆమె దుకాణం మెట్లు దిగిపోయింది. అది ఎవరు తీశారో, జరగకముందే మా ఇంటికి ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకూ తెలియదు.