వదిన కూర్చున్న సెలవులు

మా వదిన లాడ్జిలో పని చేస్తుంది. బస్టాండు ఎదురుగా ఉండే నాలుగంతస్తుల లాడ్జి అది. అందులో గదులు సర్దే ఆడవాళ్ళందరికీ తనే పెద్ద. మంచం మీద దుప్పటి పరిచిందంటే చీమ నడిచినా జారిపడాలి, అంత నున్నగా ఉంటుంది. అది నేనేం కాదనను. పని వచ్చినవాళ్ళని మెచ్చుకోవాల్సిందే. నా గొడవల్లా ఏమిటంటే, ఆ లాడ్జిని తను సాయంత్రం వెంటబెట్టుకుని ఇంటికి తీసుకొస్తుంది.

నేను ఆడపడుచుని. మేడ మీద వాటాలో ఉంటాను. కింద ఏం జరిగినా నాకు తెలుస్తుంది, తెలియకపోతే దిగి వెళ్ళి తెలుసుకుంటాను. మామూలు రోజుల్లో వదిన బాగానే ఉంటుంది. ఏడాది చివర సెలవులు దగ్గరపడ్డాయంటే మాత్రం మనిషి మనిషి కాదు. పరదాలు దింపి ఉతుకుతుంది. అటక మీది సామాను కిందికి, కింది సామాను అటక మీదికి. ఇల్లు పీకి పందిరి వేస్తుంది. బాబాయి వాళ్ళు, పిన్ని వాళ్ళు వస్తారు, అన్నయ్య స్నేహితుడు ఒకాయన కూడా వస్తాడు, ఆయన ఎందుకొస్తాడో ఎవరికీ తెలియదు. వచ్చిన ప్రతివాళ్ళకీ వేరే పక్క, పక్క మీద మడత పెట్టిన తువ్వాలు, తువ్వాలు మీద ఒక చిన్న సబ్బు. ఆ సబ్బు చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. చుట్టాలు కదమ్మా వాళ్ళు, బిల్లు కట్టి పోయేవాళ్ళా? అన్నయ్య మంచం కూడా ఎవరికో ఇచ్చేసి, ఆయన్ని వరండాలో స్కూటర్ పక్కన పడుకోబెడుతుంది. మా అన్నయ్యకి నోట్లో నాలుక లేదు, పడుకుంటాడు.

సాయం చేస్తానంటే ఒప్పుకోదు. చేతిలో చీపురు లాక్కుని నన్ను కూర్చోమంటుంది. అందరూ కూర్చోవాలి, తను తప్ప. అందరూ వెళ్ళిపోయాక వాచిన కాళ్ళు బల్ల మీద పెట్టుకుని, ఈసారి కూడా ఎవరితోనూ రెండు ముక్కలు మాట్లాడలేకపోయానని తనే బాధపడుతుంది. తగ్గించుకోవే తల్లీ అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వింటేగా.

వచ్చేవాళ్ళు ఎందరైనా, వదిన ప్రాణమంతా చెల్లెలి మీదే. తల్లి పోయేనాటికి ఆ పిల్లకి జడ వేసుకోవడం కూడా రాదు. వదినే తల్లై పెంచింది, పెళ్ళి చేసి పంపింది. రెండేళ్ళ కిందట ఆ అమ్మాయి భర్త జబ్బు చేసి పోయాడు. పిల్లలు లేరు. వేరే ఊళ్ళో కళ్ళజోళ్ళ కొట్టులో పని చేసుకుంటూ ఒక్కతే ఉంటోంది. ఆ తర్వాత రెండుసార్లూ సెలవులకి వచ్చింది. వదిన ఏం చేసిందో తెలుసా? ఇంట్లో ఉన్న ఒక్క మంచి గదీ ఆ అమ్మాయికిచ్చింది. చుట్టాల పిల్లల్ని అటు పోవద్దని కసిరింది. ఆ అమ్మాయి వంటింట్లోకి వస్తే, వెళ్ళి నడుం వాల్చమని వెనక్కి పంపి తలుపు దగ్గరగా వేసింది. దుఃఖంలో ఉన్న మనిషి, కాస్త ప్రశాంతంగా ఉండాలని తన ఉద్దేశం. ఆ అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి, అటు తిరిగి పని చేసుకుంటున్న అక్క వీపు చూస్తూ, ఏదో అడగబోయి మానేసి వెళ్ళిపోవడం నేను నా కళ్ళతో చూశాను. ఆ సంగతి వదినతో అంటే, ఆకలేసి ఉంటుంది పాపం అంది.

ఈ ఏడు సెలవులకి ముందు చెల్లెలి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఇంటికి రానంది. ఊళ్ళోకి వచ్చినా లాడ్జిలోనే దిగుతానంది, తన కోసం ఏమీ పెట్టుకోవద్దంది. అంతే, ఫోన్ పెట్టేసింది. వదిన ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పుట్టింటి వైపు తనకి మిగిలింది ఆ ఒక్క మనిషి. అదీ దూరమైపోతే ఇంకెవరున్నారు? తెల్లారేదాకా ఆలోచించి మా వదిన కనిపెట్టిన కారణం ఏమిటో వినండి. పోయినసారి దిండు గట్టిగా ఉండి ఉంటుందట! వెళ్ళి దూదిపింజల్లాంటి దిండ్లు రెండు కొనుక్కొచ్చింది. నాకు కోపం నషాళానికంటింది. దిండు బాగాలేదని ఎవరైనా అక్కని వదులుకుంటారా అని అడిగేశాను. వదిన ఏడ్చింది. ఏడుస్తూనే కొత్త దిండ్లకి గలీబులు తొడిగింది.

ఆ అమ్మాయి అన్నంత పనీ చేసింది. సెలవులు మొదలవగానే వచ్చి, ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేనట్టు, సరిగ్గా వదిన పనిచేసే లాడ్జిలోనే గది తీసుకుంది. అక్కడ జరిగింది తర్వాత వదినే నాకు చెప్పింది.

వరసగా గదులు సర్దుకుంటూ వెళ్ళి ఒక తలుపు తట్టి, గది సర్దాలమ్మా అని రోజూ అనే మాటే అంది. తలుపు తీసింది చెల్లెలు. ఎదురుగా ఎవరున్నా వదిన చేతులు ఊరుకుంటాయా? నేరుగా మంచం దగ్గరికి వెళ్ళింది. దుప్పటి అప్పటికే పరిచి ఉంది. చేసేదేం లేక దిండు తీసి దులపడం మొదలుపెట్టింది. చెల్లెలు ఆ దిండు తీసుకుని పక్కన పెట్టి, మంచం చూపించి కూర్చోమంది.

"పనివాళ్ళం గదుల్లో మంచాల మీద కూర్చోకూడదే. ఇక్కడ రూలు," అంది వదిన.

"మరి ఇంట్లో ఏ రూలు అడ్డొచ్చిందక్కా?"

వదిన రూలూ గీలూ వదిలేసి మంచం అంచున కూర్చుంది. అప్పుడు చెప్పింది చెల్లెలు. భర్త పోయాక ఇంట్లో చడీచప్పుడూ ఉండటం లేదని, అది భరించలేక అక్క దగ్గరికి పరిగెత్తుకొస్తే, అక్క కూడా చడీచప్పుడూ లేని గదే ఇచ్చి తలుపు వేసిందని. గోడ అవతల అందరూ నవ్వుకుంటుంటే తను ఆ మెత్తటి పరుపు మీద పడుకుని కప్పు చూస్తూ సెలవులు వెళ్ళదీసిందని.

"నాకు గది ఇవ్వకక్కా. పని చెప్పు, తిట్టు, పక్కన కూర్చోబెట్టుకో," అంది.

ఈ మాట నాకు చెబుతూ వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. ఎంత పని చేశానమ్మా అని కుమిలిపోయింది. ఎంత ప్రేమ ఉంటే ఏం, మనిషిని మూసి పెట్టాక.

చెల్లెలి సంచీ తనే మోసుకుంటూ, చెల్లెల్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చింది వదిన. చెప్పులు విప్పకుండానే అన్నయ్యని కేకేసింది. ఈసారి పరదాలు దింపేది లేదు. ఎవరి పక్క వాళ్ళు తెచ్చుకోవాలి, అందరూ హాల్లో కిందే పడుకోవాలి. పూటకి ఒక్కటే కూర. తిన్న కంచం ఎవరిది వాళ్ళు కడుక్కోవాలి. ఇదంతా ఫోన్‌లో అందరికీ చెప్పే పని నాకు అప్పగించింది. ఆహా, అలాంటి పని ఏడాదికి ఒక్కటి దొరికినా చాలు నాకు. ఇంటికి పిలిచి కంచం కడగమంటారా అని బాబాయి మూతి ముడిచాడు. కష్టమైతే లాడ్జిలో గదులున్నాయి బాబాయ్, వదినతో చెప్పిస్తానన్నాను. నోరెత్తకుండా పక్క చుట్టుకుని వచ్చాడు. అన్నయ్య స్నేహితుడు మాత్రం రాలేదు. ఆయన ఇన్నాళ్ళూ సబ్బు కోసం వచ్చేవాడని అప్పుడు అర్థమైంది.

చెప్పినంత తేలిగ్గా ఏం జరగలేదు లెండి. బాబాయి దుప్పటి వంకరగా పరుచుకుంటే చూడలేక వదిన కళ్ళు మూసుకుంది. ఉండబట్టలేక లేచి చీపురు పట్టుకుంటే చెల్లెలు లాక్కుని తనే ఊడ్చింది, అదీ మూలలన్నీ వదిలేసి. వదిన ఆ మూలల వంక చూసింది, పళ్ళు బిగబట్టి ఊరుకుంది. మంచి గది పిల్లల ఆటలకి పోయింది. హాలు నిండా పక్కలే, కాలు పెట్టే సందు లేదు. ఒకరి కాలు ఒకరు తొక్కారు, కబుర్లలో పడి కూర మాడబెట్టారు, బాబాయి కంచం కడుగుతూ పాట అందుకున్నాడు. అన్నయ్యకి ఇంట్లో చోటు దొరికింది. ఎంత సంతోషమో, పడుకున్నవాడు మర్నాడు పొద్దెక్కేదాకా లేవలేదు.

చెల్లెలు తిరిగి వెళ్ళాల్సిన రోజు దగ్గరపడింది. ఆ మధ్యాహ్నం ముగ్గురం వంటింట్లో నేల మీద చతికిలబడి బఠాణీలు ఒలుస్తున్నాం. అంట్లు తొట్టిలో అలాగే ఉన్నాయి. చెల్లెలు చాలాసేపటి నుంచి ఒకే కాయ పట్టుకుని కూర్చుంది. ఆఖరికి తలెత్తకుండానే అడిగింది.

"అక్కా, మా కొట్టుకి ఈ ఊళ్ళో కూడా బ్రాంచి ఉంది. ఇక్కడికి మార్పించుకోనా? రెండేళ్ళుగా అడుగుదామనుకుంటున్నాను."

ఇప్పుడు ఏ గది ఖాళీ చేయించాలి, ఏ పరుపు వేయించాలి అని వదిన మళ్ళీ మొదలుపెడుతుందేమోనని తన మొహం వంకే చూస్తున్నాను.

"వచ్చెయ్యవే," అంది వదిన. "గది మాత్రం లేదు. నా పక్కన పడుకుందువుగాని."

చెల్లెలు ఒళ్ళో బఠాణీలు ఒళ్ళో ఉండగానే బావురుమంది. వదిన మంచినీళ్ళ కోసం లేవలేదు. చెల్లెలి తల తన భుజానికి ఆనించుకుని, ఆ ఏడుపంతా అయ్యేదాకా అలాగే కూర్చుంది.