పచ్చగా మార్చిన ఏడో లారీ

సాలూరులో మా ఓనరు గారికి పదకొండు లారీలున్నాయి. ఏ బండికి ఎప్పుడు గ్రీజు పెట్టాలో, ఎప్పుడు బ్రేక్ లైనర్లు మార్చాలో చెప్పే సాఫ్ట్‌వేర్ వచ్చాక, దాన్ని చూసే పని నాకిచ్చారు. గడువు దాటిన పని ఎర్రగా ఉంటుంది. అయిందని నొక్కితే పచ్చగా మారుతుంది. ఓనరు గారు ఇంట్లోంచి ఫోన్‌లో ఆ రంగులు చూస్తారు. ఎరుపు కనిపిస్తే వెంటనే ఫోన్ చేస్తారు.

నిజానికి నొక్కాల్సింది పెద్ద మెకానిక్. ఆయన్ని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. "గ్రీజు సేతుల్తో ఫోన్ ముట్టుకుంటే పాడైపోతాదమ్మా, నువ్వే కొట్టేయ్," అని బండి కింద గోతిలోంచి దాని నంబరు కేకేసేవాడు. నేను నొక్కేదాన్ని. ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేని నాకు లారీ భాగాల పేర్లన్నీ ఓపిగ్గా నేర్పింది ఆయనే. అందుకే ఆయన కేక వేస్తే సరిచూడాలన్న ఆలోచనే వచ్చేది కాదు.

ఒక మంగళవారం ఏడో బండి ఎర్రగా ఉంది. లైనర్లు ఇంకా రాలేదు.

"పచ్చ సేసేయమ్మా, రేపొద్దున్న ఏసేస్తాను. లేపోతే ఓనరు పొద్దున్నే ఫోన్లు మొదలెడతాడు."

నేను నొక్కాను. ఆ రాత్రి డైరీలో, 'బాబాయ్ రేపు వేస్తానన్నాడు, వేస్తాడు' అని రాసుకున్నాను. అలాంటి నమ్మకాలు నేను డైరీకి తప్ప ఎవరికీ చెప్పను.

పచ్చగా ఉందని ఓనరు గారు పంపిన ఆ బండికి గురువారం ఘాట్ రోడ్డు దిగుతుండగా బ్రేకులు పడలేదు. డ్రైవర్ దాన్ని కొండ వైపు తిప్పి ఆపగలిగాడు. అతని కాలు విరిగింది.

ఓనరు గారు షెడ్డుకొచ్చి, వేయని లైనర్లు పచ్చగా ఎలా అయ్యాయని నా ముందే బాబాయ్‌ని అడిగారు. బాబాయ్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నేల వైపు చూశాడు.

"నాకేటి తెల్దండి. ఫోన్లో అంతా ఆ అమ్మాయే కొడతాది."

నేను లోపలికెళ్ళి నా సంచిలోంచి డైరీ తెచ్చి ఆ పేజీ తెరిచి ఓనరు గారికిచ్చాను. నా రాత ఇంకొకరు చదవడం అదే మొదటిసారి. ఆయన చదివి తిరిగిచ్చేశారు.

"రేపు ఏస్తానంటే ఇయ్యాల ఎందుకు కొట్టావు?"

నేను డైరీ మూసేశాను. ఈ నెలాఖరు వరకు పని చేసి వెళ్ళిపొమ్మన్నారు.

ఓనరు గారు వెళ్ళాక బాబాయ్ నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "నీకేటమ్మా, సదువుకున్నావు, ఇంకో పని దొరుకుతాది. ఈ వయసులో నాకెవుడిస్తాడు?"

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఆ మాట నిజంగా నా మేలు కోరి అంటున్నట్టే ఉంది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో పచ్చగా మారినదాన్ని మళ్ళీ ఎర్రగా మార్చడం కుదరదు. కింద చిన్న పెట్టెలో ఏదైనా రాయొచ్చు, అంతే. ఏడో బండి దగ్గర, 'పని జరగలేదు. చెప్పిన మాట మీద నొక్కాను,' అని నా పేరుతో రాశాను.

సోమవారం మళ్ళీ అదే కేక. "అమ్మా, నాలుగోది పచ్చ సేసేయ్!"

నేను ఫోన్ తీసుకుని గోతి దగ్గరకు వెళ్ళాను. దాన్ని ఆయన ముందు పట్టుకున్నాను.

"గ్రీజు సేతులమ్మా," అన్నాడు అలవాటుగా.

చూశాను. ఆ చేతులకు ఇంకా గ్రీజే అంటలేదు.